ఉత్త చేతుల నడక

బుగ్గమ్మకు కూర్చోవడం ఎవరూ నేర్పలేదు. యాభై ఏళ్లు దాటేదాకా ఆమెకు ఆ పని రాదు. గొర్రెల మంద ఉన్న ఇంట్లో పుట్టి, మంద ఉన్న ఇంటికే కోడలుగా వచ్చిన కురుమ మనిషి. జొన్నరొట్టె కూడా నిలబడే తినేది. కూర్చుంటే ఏదో ఒక గొర్రె పక్కవాడి చేలో పడుతుంది కదా! అలాంటిదాన్ని ఏడాదిన్నరగా వసారాలో నులక మంచం మీద కూర్చోబెట్టారు. పగవాళ్లయితే నాలుగు తిట్టి లేచిపోయేది. కూర్చోబెట్టింది ఇంటివాళ్లు, అదీ ప్రేమగా. అందుకే లేవడానికి ఇన్నాళ్లు పట్టింది.

పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో ఆమెకు దగ్గు పట్టుకుంది. దగ్గులో నెత్తురు పడింది. మరిది మల్లప్ప ఎడ్లబండి కట్టించి, వికారాబాదు దగ్గరి అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖానకు తీసుకుపోయాడు. ఆ మేలు కాదనకూడదు. ఎనిమిది నెలలు అక్కడ పడుకుని, సూదులు పొడిపించుకుని, పాలు తాగి, బుగ్గమ్మ బతికి బయటపడింది. పంపేటప్పుడు డాక్టరు స్పష్టంగానే చెప్పాడు: కొన్నాళ్లు విశ్రాంతి, తర్వాత రోజూ కొంచెం కొంచెంగా నడక, ఆ నడక మానకూడదు. మల్లప్ప బుద్ధిగా తలూపాడు. వికారాబాదులో రైలెక్కి తాండూరులో దిగేసరికి విశ్రాంతి ఒక్కటే గుర్తుంది, నడక సంగతి రైల్లోనే మర్చిపోయాడు.

ఊరు తాండూరుకు రెండు కోసుల దూరం. ఇల్లు చేరిన రోజునుంచి ఆమె చెవిన పడిన మాట ఒక్కటే. నీళ్ల బిందె పట్టుకుంటే, "కూసో వదినె, నీకెందుకు?" మంద దొడ్డి వైపు రెండడుగులు వేస్తే, "కూసో వదినె, గాలి తగుల్తది." తోడికోడలు గోవిందమ్మ కంచం మంచం దగ్గరికే తెచ్చేది. కంచం వేరు, చెంబు వేరు, వాటిని కడిగే చోటు కూడా వేరు. రోగం పోయింది గానీ కంచం మాత్రం మళ్లీ ఇంటి కంచాల్లో కలవలేదు. బుగ్గమ్మ అది చూసీ చూడనట్టు ఊరుకుంది. కొన్నాళ్లకు కాళ్లు సన్నబడ్డాయి. గడప దాటితే ఆయాసం వచ్చేది. ఆయాసం వస్తే, "చూసినవా, నేను చెప్పలే?" అనేవాడు మల్లప్ప.

అరవై ఒకటో సంవత్సరం శివరాత్రి మర్నాడు, ఆ మల్లప్పే కులపెద్ద ఈరయ్యను వెంటబెట్టుకుని వసారాలోకి వచ్చాడు. మల్లప్పకు నలభై ఎనిమిదేళ్లు. మనిషి కాస్త నిండుగా ఉంటాడు. కాళ్లకు తాండూరు బజార్లో కొన్న కిర్రు చెప్పులు. ఆ చెప్పుల చప్పుడు వీధి మొదట్లో వినిపిస్తే, మనిషి వీధి చివర్లో కనిపించేవాడు.

"వదినె, గీ మిరుగు సంది నీ గొర్రెపిల్లలకు గూడ మన ఇంటి గురుతే కోస్త," అన్నాడు.

బుగ్గమ్మ ముందు అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

ఆ కురుమలకు ఒక కట్టు ఉంది. ఏటా మిరుగు కార్తెకు, పొలాల్లో విత్తనం పడగానే మంద ఊళ్లో ఉండకూడదు. అనంతగిరి అడవికి తోలుకుపోవాలి. రెండు రోజుల నడక. గుట్ట పైన బీరప్ప రాయి దగ్గర, ఆ ఏడు పుట్టిన పిల్లలకు చెవి గురుతు కోస్తారు. ఎవరి గొర్రె ఏదో చెప్పేది ఆ గురుతే. మంద వెంట నడిచి వచ్చిన చెయ్యే కత్తి పట్టాలి. గురుతుగల మనిషి వరసగా మూడేళ్లు నడిచి రాకపోతే ఆ గురుతు చచ్చినట్టే. ఆ పిల్లల చెవులకు ఇంటి పెద్ద గురుతు పడుతుంది.

బుగ్గమ్మ గురుతు ఎడమ చెవి కొసన నిలువు చీలిక. అది అత్తింటిది కాదు. పెళ్లినాడు తల్లి సూడి గొర్రెలను ఇచ్చి పంపినప్పుడు వాటి చెవులతో పాటు వచ్చింది. ఆ తల్లికి ఆమె తల్లి ఇచ్చింది. రేపు దౌల్తాబాదులో ఉన్న తన బిడ్డ కొండమ్మకు పోవాలి. మొగుడు బిచ్చయ్య బతికున్న రోజుల్లో కూడా ఆ చీలిక బుగ్గమ్మ చేత్తోనే పడేది. ఆయన పక్కన నిలబడి పిల్లను పట్టుకునేవాడు. ఈ ఇంట్లో ఆమెది అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే, ఆ చెవి కొసన ఉన్న వేలెడు చీలిక.

"నేను సచ్చిన్నా, మల్లప్పా?" అంది.

"ఛ, గవేం మాటలు వదినె! గొర్లు యాడికి పోతయ్? గా మందలనే ఉంటయ్. నిన్ను సాదేది నేనే గదా. చెవుల ఏమున్నది?"

"ఏం లేకుంటె నీకెందుకు?"

ఈరయ్య దగ్గి గొంతు సవరించుకున్నాడు. "చూడు బుగ్గమ్మా, రెండేండ్లు నువ్వు రాలే. గీ మిరుగుకు గూడ రాకుంటె మూడయితది. కట్టు నేను పెట్టింది గాదు. నడుస్తనంటే నడ్వు, ఎవ్వలొద్దన్నరు?" అని నవ్వాడు. గడప దాటలేని మనిషికి గుట్టెక్కమని చెప్పి నవ్వడం ఎంత సులువు!

"నడుస్త," అంది బుగ్గమ్మ.

మల్లప్ప కూడా నవ్వాడు. "కూసో వదినె," అన్నాడు.

ఆ మాట ఈసారి ఆమెకు ఎక్కడో కాలింది. ఇన్నాళ్లూ దాన్ని ప్రేమ అనుకుంది. ఇప్పుడూ ప్రేమే కావచ్చు, అందులో అబద్ధం లేదు. కానీ ఆ ప్రేమ వెనకాల తన చెవి గురుతు కరిగిపోతోందని తెలిశాక దాన్ని మింగడం ఆమె వల్ల కాలేదు. మిరుగుకు నాలుగు నెలలుంది. ఆ రాత్రి తినాల్సిన రొట్టె పూర్తిగా తిని, ఇంకొకటి అడిగి తింది.

మర్నాడు కోడి కూసిన కాసేపటికి లేచి, కొంగు నడుముకు బిగించి, బయటికి నడిచింది. ఊరి చివర రైలు పట్టాలున్నాయి. వాటి పక్కనే తార్ కంబాలు, తంతి తీగలు మోసే స్తంభాలు, వరసగా వికారాబాదు దాకా పోతాయి. నడకకు లెక్క కావాలి కదా, కంబాలను లెక్క పెట్టుకుంది. మొదటి కంబాన్ని చేత్తో తట్టి "ఒకటి" అనుకుంది. రెండోది కూడా దాటింది. మూడో దానికి గుండె నోట్లోకి వచ్చినట్టయింది. నాలుగో కంబాన్ని కౌగిలించుకుని, అలాగే కిందికి జారి కంకర మీద కూలబడింది. నాలుగంటే నాలుగు! ఒకప్పుడు సూర్యుడు పొడవకముందే కాగ్నా వాగు దాటి మందతో తిరిగిన కాళ్లవి. ఆమెకు ఏడుపు రాలేదు. ఆ కాళ్ల మీద పట్టరాని కోపం వచ్చింది. వాటిని పిడికిళ్లతో గుద్ది, బండ బూతు ఒకటి తిట్టింది.

"ఎవ్వలమ్మా? పట్టాలకాడ కూసుండొద్దు," అంటూ భుజాన సుత్తి పెట్టుకుని ఒక మనిషి వచ్చాడు. రోజూ పట్టాల వెంట నడుస్తూ, వదులైన చోటల్లా సుత్తితో బిగించే చావీవాలా భీమయ్య. దగ్గరికొచ్చి ముఖంలోకి చూశాడు. "నువ్వు గుట్ట మీది దవాఖాన్ల ఉండె గదా? మా ఇంటామె రాహేలు గా వార్డులనే ఆయా చేసేది. నీ గురించి మస్తు చెప్పేది. సూది వేస్తుంటె డాక్టర్నే తిట్టిన పేషెంటని."

"ఆ డాక్టరు మంచోడే. సూదే మంచిది గాదు," అంది బుగ్గమ్మ ఆయాసపడుతూ.

"మా క్వార్టరు ముప్పయ్యో కంబం కాడ. నడుసుకుంట రా. చాయ్ పోస్తది."

ముప్పై! నాలుగో కంబం దగ్గర కూర్చున్న మనిషికి ముప్పయ్యోది కాశీ అంత దూరం. అయినా మర్నాడు అయిదో కంబం తట్టే వెనక్కి తిరిగింది. వారానికి పది. ఏ పొద్దూ మానలేదు. అమావాస్య అయినా, ఒళ్లు నొప్పులైనా, గోవిందమ్మ గడపలో అడ్డం నిలబడి "అక్కా, నీకు దండం పెడ్త, పోకు" అన్నా ఆగలేదు. తిరిగొచ్చి మంచం మీద కూర్చునేది కాదు. దొడ్డిలోకి పోయి గొర్రెపిల్లను ఎత్తి దించేది. మొదట చిన్నదాన్ని, తర్వాత కాస్త పెద్దదాన్ని. పిల్లలూ పెరుగుతున్నాయి, ఆమె రెక్కల్లో బలమూ పెరుగుతోంది. ఎవరు ముందు అలిసిపోతారో చూద్దామన్నట్టు ఉండేది ఆ వ్యవహారం.

ఇరవై రోజుల తర్వాత ముప్పయ్యో కంబం తట్టింది. క్వార్టరు ముందు రాహేలమ్మ బట్టలు ఆరేస్తోంది. బుగ్గమ్మను చూడగానే తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. బుగ్గమ్మ ఆ సంతోషంలో అక్కడే ఉన్న రాయి మీద కూర్చోబోయింది.

"కూసుండకు వదినె!" అని రెక్క పట్టుకుని ఆపింది రాహేలమ్మ. "రాంగనే కూసుండొద్దు. జరసేపు నిలబడు, ఊపిరి సదురుకో. ముక్కుతోని తీస్కో. నోటితోని మెల్లగ ఇడువు, పొయ్యి ఊదినట్టు. ఆఁ, గట్ల. కూసుంటె కూసునుడే అలవాటైతది. నేను ఎంతమందిని చూసిన్నో."

ఊపిరి కుదుటపడ్డాక చాయ్ వచ్చింది. రాహేలమ్మ తను తాగే గిలాసలోనే పోసి ఇచ్చింది. బుగ్గమ్మ ఆ గిలాస పట్టుకుని కాసేపు తాగలేదు. ఊళ్లో హోటలు దగ్గర రాహేలమ్మ వాడకు వేరే గిలాస పెడతారు. ఇంట్లో తనకు వేరే చెంబు పెట్టారు. కురుమ ఆడది ఆ వాడ మనిషి చేతి చాయ్ తాగిందని ఊరు అనుకుంటుంది. అనుకోనీ. చాయ్ గుటగుటా తాగి, "ఇంకొంచెం పొయ్యి రాహేలూ," అంది.

ఇక ఊరి సంగతి. ఆ ఊళ్లో ఎవరూ ఉత్త చేతులతో నడవరు. నడిచే మనిషి నెత్తిన గంపో, చంకన బిందో, చేతిలో కొడవలో, వెనకాల మేకో ఉండాలి. ఏమీ లేకుండా చేతులూపుకుంటూ పోయేవాళ్లు ఇద్దరే: పట్వారీ, పిచ్చివాడు. బుగ్గమ్మ పట్వారీ కాదని అందరికీ తెలుసు. పైగా పోయి ఊరుకుంటుందా? ప్రతి కంబాన్నీ అరచేత్తో తడుతుంది, పెదాలు కదిలిస్తూ ఏదో గొణుగుతుంది. చీకటి విడవకముందే వెళుతుంది. ఇదంతా కట్టెలకు పోయే ఆడవాళ్లు చూశారు.

అదే వారంలో ఈరయ్య ఇంటి బర్రె పాలు ఎగ్గొట్టింది. బర్రెలకు అలాంటి బుద్ధులు మామూలే. కానీ ఊరు ఊరికే ఉంటుందా! బుగ్గమ్మ బాణామతి చేస్తోందన్నారు. కంబం తట్టి మంత్రం వేస్తే అది తారు వెంట పాకి, తను కోరిన ఇంట్లో దిగుతుందన్నారు. తంతి కబురు హైదరాబాదు నుంచి తాండూరుకు క్షణంలో వస్తే, మంత్రానికి ఎంతసేపు! వాదన గట్టిగానే ఉంది. తార్ కంబాలకూ ఈరయ్య బర్రెకూ మధ్య తారు లేదే అని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆ తాలూకాలో బాణామతి మాట నవ్వులాట కాదు. ఆ పేరు పడిన ఆడవాళ్ల పళ్లు రాలగొట్టిన ఊళ్లు బుగ్గమ్మకు తెలుసు. మల్లప్ప ఆ సాయంత్రం గబగబా ఇంటికి వచ్చాడు. నిజంగానే భయపడ్డాడు పాపం.

"వదినె, ఇగ బంద్ జెయ్. ఊరంత పరేషాన్ అయితున్నరు. కనీసం నెత్తి మీద గంపన్న పెట్టుకో. పేడకు పోతున్నదనుకుంటరు."

"నేను పేడకు పోతలేను గదా."

"అబద్ధమాడితె ఏం పోతది?"

"నా నడక పోతది," అంది బుగ్గమ్మ. "గంప పెట్టుకుంటె రేపు పేడ ఏదంటరు. పేడ తెస్తె పిడకలేవంటరు. నేను నడిసేది నా కాళ్ల కోసం. నా కాళ్ల కోసం నేను నడుస్తె నీకు పరువు తక్కువా?"

అలా అంది గానీ బుగ్గమ్మకు లోపల భయంగానే ఉంది. ఆ భయం గోవిందమ్మకు కనబడకూడదని గొంగడి దులిపి మడతపెట్టింది. మానేస్తే పళ్లు మిగులుతాయి. గురుతు పోతుంది. గంప పెట్టుకుంటే రెండూ మిగులుతాయి కానీ, అలా మిగలడం ఆమెకు ఇష్టం లేదు. చాలాసేపు ఆలోచించి, తనకు తోచిన పని ఒకటి నిర్ణయించుకుంది.

మర్నాడు చీకట్లో బయల్దేరలేదు. సూర్యుడు పొడిచి, బావి దగ్గర ఆడవాళ్లూ, ఈరయ్య అరుగు మీద మగవాళ్లూ చేరేదాకా ఆగింది. అప్పుడు తలుపు తీసుకుని, ఊరి నడివీధిలోంచి, రెండు చేతులూ బార్లా ఊపుకుంటూ బయల్దేరింది. ఈరయ్య అరుగు ముందు ఆగింది.

"మంత్రం వింటవా ఈరయ్య బావా?"

బుగ్గమ్మ అరుగు స్తంభాన్ని తట్టింది. ఎనిమిది నెలలు రోగంతో పడున్న ఊపిరితిత్తుల్లో ఎంత గాలి పడుతుందో అంతా నింపుకుని, "ఒకటీ!" అని అరిచింది. పక్కింటి తలుపు తట్టి, "రెండూ!" అంది. హోటలు గుంజ తట్టి, "మూడూ!" వీధి చివర బీరమ్మ ముసలిది వణికిపోతూ గడపలో నిలబడితే, ఆమె తలుపును కూడా వదల్లేదు. పన్నెండు తలుపులు తట్టి పట్టాల దగ్గరికి చేరేసరికి ఊళ్లో పిల్లలంతా వెనకాల "పదమూడూ, పద్నాలుగూ" అని అరుచుకుంటూ వస్తున్నారు. అన్ని అరుగుల మీదా నవ్వులు మొదలయ్యాయి. నవ్విన మంత్రానికి ఎవరు భయపడతారు? ఆ రోజునుంచి ఆమె ప్రతి కంబం దగ్గరా లెక్క పైకే అరిచింది. పాలు ఎగ్గొట్టిన బర్రె కూడా నాలుగు రోజులకు చేపింది, దాని ఇష్టం వచ్చినప్పుడు.

ఎండలు ముదిరాయి. కంబాలు అరవై అయ్యాయి, తొంభై అయ్యాయి. ఇంతలో మిరుగుకు పదిహేను రోజుల ముందు జ్వరం వచ్చింది. జ్వరంతో పాటు దగ్గు. గోవిందమ్మ మారు మాట్లాడకుండా వేరే కంచం కడిగి తెచ్చి మంచం పక్కన పెట్టింది. మల్లప్ప "నేను చెప్పలే?" అనలేదు. అనకుండా అలా చూశాడు, అది ఇంకా కష్టంగా ఉంది. ఆ మూడు రోజులూ బుగ్గమ్మ నిజంగా భయపడింది. గుట్ట మీది దవాఖాన గుర్తొచ్చింది, అక్కడ పక్క మంచం మీద ఉండి ఒక ఉదయం లేవని ఆడపిల్ల గుర్తొచ్చింది. నాలుగో రోజు తెల్ల గుడ్డలో ఉమ్మి, వెలుతురులోకి తీసుకుపోయి చూసింది. గుడ్డ మీద నెత్తురు చుక్క లేదు. తిప్పి మళ్లీ చూసింది. మామూలు పడిశం! ఊళ్లో సగంమందికి ఉన్న పడిశమే తనకూ వచ్చింది. అందరితో పాటు పడిశం రావడం అంత గొప్ప సంగతని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆ వేరే కంచాన్ని తీసుకుపోయి గోవిందమ్మ కంచాల మధ్యలో దోపి, ఆ సాయంత్రమే పది కంబాలు నడిచింది.

మిరుగు నాడు మంద కదిలింది. జీతగాడు అనంతయ్య ముందు, గొర్రెలు మధ్యలో, భుజాన గొంగడి, చేత కర్ర పట్టుకుని బుగ్గమ్మ వెనక. మల్లప్ప ఎప్పటిలాగే పండగ బట్టలు కట్టి, "గుట్ట మీద కలుస్త," అని తాండూరు స్టేషన్ వైపు బండెక్కాడు. పోతూ పోతూ, "యాడన్న కష్టమైతె ఆగు వదినె, ఎవ్వలేమనరు," అన్నాడు. ఆమె జవాబు చెప్పలేదు. ఊపిరి దాచుకోవాలి కదా.

మొదటి రోజు ధారూరు అవతలి దాకా నడిచారు. ముప్పయ్యో కంబం దగ్గర రాహేలమ్మ, భీమయ్య నిలబడి ఉన్నారు. రాహేలమ్మ రొట్టెల మూట చేతిలో పెట్టి, "మంద ఆగదు, నువ్వూ ఆగకు," అని పంపేసింది. గొర్రెల వాసన, దుమ్ము, వెనకబడ్డ పిల్లను కర్రతో అదిలించడం, నోట్లోంచి తనంత తానుగా వచ్చే "హుర్ర్" అనే కేక, అన్నీ ఆమె ఒంటికి గుర్తున్నాయి. ఆ రాత్రి మంద పక్కన గొంగడి కప్పుకుని, మోకాళ్లు సలుపుతుంటే కూడా హాయిగా నిద్రపోయింది.

రెండో రోజు మధ్యాహ్నానికి గుట్ట మొదలైంది. సగం ఎక్కాక దారి మలుపులో దవాఖాన పెంకుల కప్పు చెట్ల మధ్య కనిపించింది. అక్కడికి రాగానే బుగ్గమ్మ కాళ్లు ఆగిపోయాయి. ఇదే దారిన తనను బండిలో గడ్డి మీద పడుకోబెట్టి తెచ్చారు. ఊపిరి అందలేదు. చెట్లు తిరిగినట్టయింది.

"పెద్దమ్మా, కూసో జర," అన్నాడు అనంతయ్య వెనక్కి వచ్చి.

పక్కనే నున్నటి బండ ఉంది. నీడ కూడా ఉంది. కూర్చోవాలని ఒళ్లంతా గొంతెత్తి అడిగింది. ఆమె కర్రను రెండు చేతులతో నేలలో నాటి, దాని మీద వాలి, నిలబడే ఉంది. ముక్కుతో తీసింది. పొయ్యి ఊదినట్టు వదిలింది. మళ్లీ తీసింది. మంద ముందుకు పోయింది. మెడ గంటల చప్పుడు దూరమైంది. ఎన్నిసార్లు ఊపిరి తీసి వదిలిందో ఈసారి లెక్క పెట్టలేదు. చివరికి కళ్ల ముందు చెట్లు నిలకడగా నిలబడ్డాయి. "పా," అంది అనంతయ్యతో.

బీరప్ప రాయి దగ్గర అప్పటికే నాలుగు ఊళ్ల కురుమలు చేరారు. ఈరయ్య కూడా తన మందతో నడిచి వచ్చి చేరుకున్నాడు. మల్లప్ప చెట్టు కింద కూర్చుని, కత్తి నూరి, పసుపు పూసి సిద్ధంగా పెట్టుకున్నాడు. మంద వెనకాల దుమ్ము కొట్టుకుపోయి వచ్చిన వదినెను చూసి లేచి నిలబడ్డాడు. అతని కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి, ఆ సంగతి కూడా చెప్పాలి.

"వచ్చినవా వదినె!"

"వచ్చిన. కత్తి ఇయ్యి."

ఈరయ్య తలూపాడు. మల్లప్ప కత్తి ఇచ్చాడు. అనంతయ్య మొదటి పిల్లను పట్టుకున్నాడు. తల్లి చెవిలో ఉన్న గురుతు చూసి, బుగ్గమ్మ పిల్ల ఎడమ చెవి కొసను రెండు వేళ్లతో పట్టి, ఒక్క కోత కోసింది. పిల్ల అరిచింది, పసుపు అద్దగానే తల్లి దగ్గరికి దూకింది. అలా తన పిల్లలన్నింటికీ కోసింది. చివరిదానికి కోసేటప్పుడు తన తల్లి గుర్తొచ్చింది.

"ఇగ ఇటియ్యి వదినె, మనయి గూడ కానిస్త," అని మల్లప్ప చెయ్యి చాచాడు.

బుగ్గమ్మ కత్తి ఇవ్వలేదు. వంగి అతని కాళ్ల వైపు చూసింది. ఆమె చూస్తే అందరూ చూశారు. చుట్టూ ఉన్న కాళ్లన్నీ మోకాళ్ల దాకా ఎర్రమట్టి. మల్లప్ప కిర్రు చెప్పులు మాత్రం నూనె రాసి, కడిగిన కంచంలా మెరుస్తున్నాయి.

"నువ్వెట్ల వచ్చినవ్ మల్లప్పా?"

"ఎట్లేంది? పాసింజర్ల."

"నిరుడు?"

మల్లప్ప ఈరయ్య వైపు చూశాడు. ఈరయ్య ఆకాశం వైపు చూశాడు.

"ముందటి నిరుడు? మీ అన్న పోయిన సంది ఎన్నడన్న నడిసినవా? ఆరేండ్లాయె. నడిసొచ్చిన చెయ్యే కత్తి పట్టాలె. గదే గదా కట్టు? నేను రెండేండ్లు సావుబతుకుల్ల ఉంటె నా అడుగులు లెక్కపెట్టిన్రు. నీ అడుగులు ఎవ్వలు లెక్కపెట్టిన్రు?"

రాయి చుట్టూ ఉన్నవాళ్లంతా మళ్లీ ఆ చెప్పుల వైపే చూశారు. మల్లప్ప ముఖం కందిపోయింది. కట్టు ప్రకారం అతని గురుతు ఎప్పుడో చచ్చింది. కత్తి ఆమె చేతిలో ఉంది. పిల్లలన్నింటికీ ఎడమ చెవి చీల్చినా అడిగేవాడు లేడు. ఆ సంగతి మల్లప్పకు తెలిసింది, అతనికి తెలిసిందని బుగ్గమ్మకు తెలిసింది. ఆమె ఆ క్షణాన్ని తొందరపడకుండా అనుభవించింది. ఏడాదిన్నర మంచం మీద కూర్చున్న మనిషికి ఆ మాత్రం హక్కు ఉంది.

తర్వాత వంగి మల్లప్ప పిల్లను ఒకదాన్ని పట్టుకుంది. కుడి చెవి కొసను అడ్డంగా కోసింది. అది మల్లప్ప గురుతే.

"గీ యేడు నా కాళ్లతోని నీ గురుతు నిలవెడ్తున్న. వచ్చే యేడు నీ కాళ్లతోని నువ్వే నిలవెట్టుకో," అంది. "రేపు పోంగనే తార్ కంబాల కాడికి రా. ఉత్త చేతులతోని."

మందను అడవిలో అనంతయ్య దగ్గర వదిలి ఊరు చేరిన తర్వాత మల్లప్ప పది రోజులు రాలేదు. బుగ్గమ్మ పిలవలేదు. ఆమె నడక ఆగలేదు; గురుతు నిలిచింది కదా ఇంకెందుకని గోవిందమ్మ అడిగితే, "నా కాళ్లు నా ఒంటికే ఉన్నయ్ గదా," అంది. పదకొండో రోజు పొద్దున వానముసురులో మొదటి కంబం తట్టేసరికి వెనకాల కిర్రుమన్న చప్పుడు వినిపించింది. ఆమె తిరిగి చూడలేదు, నడక తగ్గించనూ లేదు. "రెండూ," అంది. చప్పుడు దగ్గరికి రావాలని చూసి, రాలేక, వెనకబడి, మళ్లీ వచ్చింది. మూడో కంబం దాటాక చెప్పుల కిర్రు ఆగి ఒట్టి అడుగులు వినిపించాయి. చెప్పులు చేతికి తీసుకున్నట్టున్నాడు.

నాలుగో కంబం దగ్గర వెనక నుంచి "అమ్మా" అని మూలిగినట్టయింది. తిరిగి చూస్తే, మల్లప్ప కంబాన్ని కౌగిలించుకుని కిందికి జారుతున్నాడు. తను జారిన చోటే, అదే కంకర మీద. బుగ్గమ్మ వెనక్కి వచ్చి, చెమటతో నిండిన ఆ ముఖంలోకి చూసింది. ఏడాదిన్నర నాలుక చివర దాచుకున్న మాట నోటిదాకా వచ్చింది: కూసో మల్లప్పా, నీకెందుకు? ఆ మాట మింగేసి, అతని రెక్క పట్టుకుని గుంజింది.

"లే," అంది. "కూసుంటె అలవాటైతది."